చుక్కలు వచ్చాయి, ఇల్లు రాలేదు

ప్రశ్న: ఎవరూ ఉండని ఒక పాత బంగళాను అమావాస్య రాత్రి ఫొటో తీశాను. ఆకాశం నిండా చుక్కలు బాగానే వచ్చాయి కానీ ఇల్లు నల్లటి మచ్చలా ఉండిపోయింది. టార్చి వేస్తే గోడంతా సున్నం కొట్టినట్టు తెల్లగా, చప్పగా వస్తోంది. తప్పెక్కడ?

జవాబు: రెండు చోట్లండీ. ఒకటి అమావాస్య. రెండోది, మీరు చెప్పకపోయినా తెలిసిపోతోంది, టార్చి పట్టుకుని కెమెరా పక్కనే నిలబడ్డారు.

చుక్కలంటే అమావాస్యే అని అందరూ చెబుతారు, పాలపుంత ఒక్కటే కావాలంటే అది నిజమే. మీకు ఇల్లు కూడా కావాలి కదా, దానికి వెన్నెల కావాలి. అలాగని పౌర్ణమికి వెళ్లకండి. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 800, ఎఫ్/4 (లెన్సు రంధ్రం కొలత, అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది), షట్టర్ తెరిచి ఉంచేది 30 సెకన్లు పెడితే పౌర్ణమి ఫొటో దాదాపు పగలు తీసినట్టే ఉంటుంది, ఆకాశం నీలంగా వచ్చేస్తుంది, చిన్న చుక్కలన్నీ మాయం. నా ఓటు శుక్లపక్షం అష్టమికి. సగం చంద్రుడంటే సగం వెన్నెల అనుకుంటాం కానీ పౌర్ణమి వెలుగులో అది సుమారు పదో వంతే, ఎందుకంటే అప్పుడు ఎండ చంద్రుడి మీద ఏటవాలుగా పడి అక్కడి గుంతలు, కొండల నీడలు మనకు కనిపిస్తుంటాయి. ఆ వెలుగు గోడకీ సరిపోతుంది, చుక్కల్నీ మింగేయదు. ఐఎస్ఓ 3200, ఎఫ్/2.8, 20 సెకన్ల దగ్గర మొదలుపెట్టి చూడండి.

ఇంకో లాభం కూడా ఉంది. అష్టమి చంద్రుడు రాత్రి పది దాటాక పడమట కిందికి దిగి గోడల మీద పక్క నుంచి వెలుగు వేస్తాడు, పెచ్చులూడిన చోటు, ఇటుకల మధ్య సందులు, విరిగిన చూరు అన్నీ నీడలతో సహా పైకి తేలతాయి. అర్ధరాత్రికి అటూ ఇటూగా అస్తమిస్తాడు. ట్రైపాడ్ కదపకుండా అక్కడే కూర్చుంటే ఆ తర్వాత చిక్కటి ఆకాశం కూడా దొరుకుతుంది, రెండు ఫ్రేములూ కలుపుకోవచ్చు. దీన్ని మోసం అనేవాళ్లు ఉన్నారు. ఒకే చోటు, ఒకే రాత్రి అయితే నాకు అభ్యంతరం లేదు, వేరే ఊరి ఆకాశం తెచ్చి అతికిస్తేనే చిరాకు.

ఇక టార్చి సంగతి. కెమెరా వైపు నుంచి వేసిన వెలుగు నీడల్ని చంపేస్తుంది, అందుకే మీ గోడ చప్పగా వచ్చింది. పక్కకి బాగా దూరంగా వెళ్లి, గోడకి ఏటవాలుగా, రంగు బ్రష్షు తిప్పినట్టు చెయ్యి ఆపకుండా రెండు మూడు సెకన్లు తిప్పి ఆర్పేయండి. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది, కాబట్టి మీకు దగ్గరున్న మూల మీద ఎక్కువసేపు ఆగితే ఫొటోలో అదొక్కటే తెల్లగా వెలిసిపోతుంది. ముదురు రంగు బట్టలు వేసుకుని నడుస్తూ ఉంటే ఫ్రేములో ఉన్నా మీరు కనిపించరు, టార్చి మాత్రం లెన్సు వైపు తిరగకూడదు. తెల్ల ఎల్ఈడీ వెలుగు ఆసుపత్రిలా ఉంటుంది, దాని ముందు నారింజ రంగు కాగితం కడితే లోపలెవరో దీపం పెట్టారా అనిపిస్తుంది. గది లోపల వెలిగించాలంటే టార్చిని కిటికీ వైపు కాదు, పైకప్పు వైపు వేయండి.

ప్రశ్న: నా ఫొటోల్లో చుక్కలు చుక్కల్లా కాకుండా చిన్న గీతల్లా వస్తున్నాయి. ట్రైపాడ్ గట్టిదే.

జవాబు: ట్రైపాడ్ కదలట్లేదు, భూమి కదులుతోంది, గంటకు 15 డిగ్రీల చొప్పున. పాత లెక్క ఒకటుంది: 500ను లెన్సు మీద ఎంఎంలలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని సెకన్లు తెరిచి ఉంచొచ్చో వస్తుంది. ఫుల్ ఫ్రేమ్ (వెలుగును పట్టే సెన్సర్ పెద్దదిగా ఉన్న కెమెరా) మీద 20 ఎంఎం లెన్సుకు 25 సెకన్లు, చిన్న సెన్సరైతే ముందు ఫోకల్ లెంగ్త్‌ను 1.5తో గుణించాలి కాబట్టి 17కు మించకూడదు. ఇప్పటి కెమెరాల్లో పెద్దది చేసి చూస్తే ఇది కూడా ఎక్కువే, నేను 500 బదులు 300 వాడతాను. ఫోకస్ కూడా చూసుకోండి: ఆటో తీసేసి, బాగా మెరిసే చుక్కను స్క్రీన్ మీద పెద్దది చేసి, అది సూది మొనంత అయ్యేదాకా రింగు తిప్పండి.

లేదా ఆ గీతల్నే కావాలనుకోవచ్చు. ఉత్తరాన ధ్రువ నక్షత్రం ఇంటి పైకప్పు మీదుగా వచ్చేలా కెమెరా పెట్టి, 30 సెకన్ల ఫొటోలు వరసగా 120 తీసి కలిపితే గంటసేపటి చాపాలు వస్తాయి. దీనికి ముందు లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఎక్కువసేపు తీసిన ఫొటోలో గరుకు చుక్కల్ని కెమెరాయే తగ్గించే సదుపాయం) ఆపేయండి, లేకపోతే ప్రతి ఫొటో తర్వాత కెమెరా ఇంకో 30 సెకన్లు తనలో తాను పని చేసుకుంటుంది, చాపాలు తెగిపోతాయి. నేను మొదటిసారి అలా రెండు గంటలు మంచులో కూర్చుని కుట్టు వేసినట్టున్న గీతలతో ఇంటికొచ్చాను.

ప్రశ్న: రాత్రిపూట ఒక్కడినే లోపలికి వెళ్లొచ్చా?

జవాబు: వద్దు. దయ్యాల సంగతి కాదు, నేల సంగతి. చెక్క అంతస్తు చెదలు తిని ఉంటుంది, మెట్లు సగంలో ఆగిపోతాయి, మూతలేని బావి గడ్డిలో కలిసిపోయి ఉంటుంది. ఖాళీగా ఉన్నంత మాత్రాన అది ఎవరిదీ కాదని కాదు, యజమానిని అడిగి, పగలొకసారి వెళ్లి ఎక్కడ అడుగు పెట్టొచ్చో చూసుకుని, రాత్రికి తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. గబ్బిలాలున్న గదులకు దూరంగా ఉండండి, వాటి రెట్ట ధూళిలో ఊపిరితిత్తులకు సోకే ఫంగస్ ఉండొచ్చు. అయినా చుక్కలు కావాలంటే కెమెరా ఎలాగూ బయటే ఉండాలి, పైకప్పు కూలిన గది ఉంటే తప్ప. ఆ గదిని కూడా గుమ్మం దగ్గర నుంచే తీయొచ్చు.