హైక్ వస్తే బ్రాకెట్ మారుతుంది, చేతికొచ్చేది తగ్గదు

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. మా ఆవిడది హెచ్-4 (నా మీద ఆధారపడిన వీసా), ఉద్యోగం లేదు, ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్లకి ఇచ్చే ట్యాక్స్ నంబర్) ఉంది. మూడేళ్ల పాప ఇక్కడే పుట్టింది. జీతం, బోనస్ కలిపి 2024లో 1,26,000 డాలర్లు వస్తే 2025లో 1,35,000 వచ్చింది. ‘నువ్వు 12 శాతం బ్రాకెట్ దాటి 22లోకి వెళ్లావు, పెరిగిందంతా ట్యాక్స్‌కే పోతుంది’ అని ఆఫీసులో ఒక మిత్రుడు అంటున్నాడు. నిజంగానే బోనస్‌లో మూడో వంతు దాకా కోశారు. ఇప్పుడు ప్రమోషన్ ఇస్తామంటున్నారు. కొన్నాళ్లు ఆగమని చెప్పాలా? ఇల్లు కొంటే ట్యాక్స్ కలిసొస్తుందా? ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో (విదేశీ సంపాదన దాచుకునే ఖాతా) 20 లక్షల ఎఫ్‌డీ ఉంది. దాని మీద ట్యాక్స్ లేదు కదా అని ఇంతవరకు ఎక్కడా చూపించలేదు.

జవాబు: ప్రమోషన్ తీసుకోండి. ఈ విషయంలో రెండో ఆలోచన వద్దు. మీ మిత్రుడు మీ మంచి కోరే చెప్పి ఉంటారు కానీ, ఆయన చెప్పిన లెక్క తప్పు. ఇదే భయంతో ఒక నర్సమ్మ కొన్నేళ్లపాటు ఓవర్‌టైమ్ షిఫ్టులు వద్దనుకున్నారు. ఆవిడ నా దగ్గరికి వచ్చినప్పుడు కాగితం మీద లెక్క వేసి చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదావిడ. మీకు అలా జరగకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

వరి పొలానికి నీళ్లు పెట్టడం చూసే ఉంటారు. కాలువ నీళ్లు ముందు పై మడిలోకి వస్తాయి. అది నిండాక గట్టు దాటి కింది మడిలోకి దిగుతాయి. కింది మడిలోకి నీళ్లు వెళ్లినంత మాత్రాన పై మడిలో నీళ్లు తగ్గవు. ఫెడరల్ ట్యాక్స్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ పన్ను) బ్రాకెట్లు కూడా సరిగ్గా ఇలాగే ఉంటాయి. ఒక్కో మడికి ఒక్కో రేటు. కొత్త మడిలోకి దిగిన డాలర్లకే కొత్త రేటు పడుతుంది, పై మడుల్లో ఉన్నవాటికి పాత రేటే.

ఇప్పుడు మీ అంకెలు చూద్దాం. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 2025కి స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు. ఆ మేరకు ఆదాయం మీద ట్యాక్సే లేదు. 1,35,000లోంచి అది తీసేస్తే 1,03,500 మిగులుతుంది. బ్రాకెట్ పట్టిక చూడాల్సింది ఈ అంకెతోనే, జీతంతో కాదు. చాలామంది తడబడేది ఇక్కడే. మొదటి 23,850 మీద 10 శాతం, అంటే 2,385. అక్కడి నుంచి 96,950 దాకా 12 శాతం, అంటే 8,772. మిగిలిన 6,550 మీద మాత్రమే 22 శాతం, అంటే 1,441. మొత్తం 12,598 డాలర్లు.

ఇవే 2025 రేట్లతో పాత జీతం 1,26,000కి లెక్కేస్తే ట్యాక్స్ 10,863 వస్తుంది. తేడా 1,735. సోషల్ సెక్యూరిటీ (పింఛను కోసం), మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా కోసం) కలిపి జీతంలో కోసే 7.65 శాతం ఎటూ ఉంటుంది కాబట్టి, పెరిగిన 9,000 మీద అది దాదాపు 689. రెండూ పోను, 9,000లో మీ చేతికి 6,576 డాలర్లు వచ్చాయి. మీకు హైక్ వల్ల నష్టం లేదు, నెలకి దాదాపు 550 డాలర్లు కలిసొచ్చింది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఇక్కడితో లెక్క సరి. కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉంటే అదీ కలపాలి. అయినా చేతికొచ్చేది పెరుగుతుందే తప్ప తగ్గదు.

మరి బోనస్‌లో అంత ఎందుకు కోశారు? బోనస్ లాంటి చెల్లింపుల మీద కంపెనీలు మామూలుగా 22 శాతం ఏకమొత్తంగా పట్టుకుంటాయి. మీ అసలు బ్రాకెట్ ఏదో అవి చూడవు. దానికి 7.65 కలిస్తే దాదాపు 30 శాతం అవుతుంది. మీరు చూసింది అదే. అది ట్యాక్స్ కాదు, ట్యాక్స్ కింద ముందుగా పట్టుకున్న డబ్బు. ఇండియాలో టీడీఎస్ లాంటిదే. అసలు లెక్క తేలేది ఏటా మీరు వేసే రిటర్న్‌లో, అంటే ఫారమ్ 1040లో. ఎక్కువ పట్టుకుని ఉంటే రీఫండ్‌గా తిరిగొస్తుంది.

ఏడాది జీతం, కోతల లెక్కతో కంపెనీ ఇచ్చే డబ్ల్యూ-2 చేతిలోకి తీసుకోండి. ఒకటో గడిలో ట్యాక్స్‌కి లెక్కలోకొచ్చే జీతం, రెండో గడిలో ఫెడరల్ ట్యాక్స్ కింద పట్టుకున్న మొత్తం ఉంటాయి. పన్నెండో గడిలో డి అనే అక్షరం పక్కన అంకె ఉంటే అది మీ 401కె, అంటే ఆఫీసు ద్వారా చేసే రిటైర్మెంట్ పొదుపు. మీరు రాసిన జీతం కంటే ఒకటో గడిలో అంకె తక్కువ ఉంటే కంగారు పడకండి. 401కె, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం వంటివి అప్పటికే తీసేసి ఉంటారు, కాబట్టి మీ ట్యాక్స్ నేను వేసిన లెక్కకంటే తక్కువే వస్తుంది. తర్వాత 1040లో 15వ లైన్‌కి వెళ్లండి. ట్యాక్స్ పడే ఆదాయం అక్కడే ఉంటుంది. 16వ లైన్‌లో ట్యాక్స్, 19లో పాప క్రెడిట్, 24లో చివరికి మీరు కట్టాల్సిన మొత్తం ట్యాక్స్. ఈ నాలుగు లైన్లు అర్థమైతే మీ రిటర్న్ సగం చదివినట్టే.

ఆ 19వ లైన్ మీకు ముఖ్యం. డిడక్షన్ అంటే ఆదాయంలోంచి తీసేసేది. క్రెడిట్ అంటే ట్యాక్స్‌లోంచే తీసేసేది. 2,200 డాలర్ల డిడక్షన్ దొరికితే 22 శాతం రేటు దగ్గర మీకు మిగిలేది 484. అదే 2,200 క్రెడిట్ అయితే మొత్తం 2,200 మిగులుతుంది. 2025కి చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ ఒక్కో బిడ్డకి 2,200 డాలర్లు. మీ పాపకి, మీకు సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్నాయి కాబట్టి అది పూర్తిగా వస్తుంది. మీ 12,598 కాస్తా 10,398కి దిగుతుంది. అంటే సంపాదించిన ప్రతి వంద డాలర్లలో ఫెడరల్ ఆదాయపు పన్ను 8 డాలర్ల లోపే. 22 శాతం బ్రాకెట్‌లో ఉన్నానని బెంగపడుతున్న మీ అసలు రేటు ఇది. ఇండియాలో పుట్టి హెచ్-4 మీద వచ్చిన పిల్లలకి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండదు కాబట్టి ఈ 2,200 రాదు, ఐటిన్ మీద 500 డాలర్ల క్రెడిట్ మాత్రమే వస్తుంది. మన కుటుంబాల్లో అన్నయ్యకి 500, ఇక్కడ పుట్టిన చెల్లికి 2,200 రావడం తరచూ చూస్తుంటాను.

డేకేర్ ఫీజు సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. దాని మీద కూడా క్రెడిట్ ఉంది. అయితే మామూలుగా భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తూ ఉండాలి, లేదా ఒకరు ఫుల్‌టైమ్ విద్యార్థి అయి ఉండాలి. మీ ఆవిడ ఇంట్లోనే ఉన్నంతకాలం అది మీకు రాదు. ఎవరైనా వేసేస్తాం అంటే వద్దనండి.

భార్యకి ఉద్యోగం లేదు, సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు అని విడిగా ఫైల్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీరు విడిగా ఫైల్ చేసి ఉంటే స్టాండర్డ్ డిడక్షన్ 15,750కి పడిపోయేది, బ్రాకెట్లు సగానికి కుదించుకుపోయేవి. క్రెడిట్ కలపకముందే ట్యాక్స్ 21,467 అయ్యేది. అంటే దాదాపు 8,900 డాలర్లు ఎక్కువ. ఐటిన్ తీసుకుని కలిసి ఫైల్ చేస్తున్నారు, చాలా మంచి పని చేశారు.

ఇంటి విషయం. ఇల్లు కొనండి, కానీ ట్యాక్స్ కోసమని కొనకండి. ఇంటి అప్పు వడ్డీ, ప్రాపర్టీ ట్యాక్స్ లాంటివన్నీ కలిపి 31,500 దాటితేనే వాటివల్ల లాభం. దాటకపోతే స్టాండర్డ్ డిడక్షనే మేలు, వడ్డీ కట్టినందుకు ట్యాక్స్‌లో పైసా తగ్గదు. 4 లక్షల డాలర్ల అప్పు 6.5 శాతానికి తీసుకుంటే మొదటి ఏడాది వడ్డీ దాదాపు 26,000. ప్రాపర్టీ ట్యాక్స్ 8,000 అనుకుందాం. మొత్తం 34,000. స్టాండర్డ్ డిడక్షన్ కంటే ఎక్కువైంది 2,500 మాత్రమే. దాని మీద 22 శాతం అంటే 550 డాలర్లు. 34 వేలు ఖర్చుపెట్టి మీరు ఆదా చేసే ట్యాక్స్ 550! గుడికి ఇచ్చే విరాళాలకీ ఇదే సూత్రం. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్నవాళ్లకి 2025లో విరాళం వల్ల ఏమీ తగ్గదు. 2026 నుంచి మాత్రం దంపతులకి 2,000 డాలర్ల దాకా నగదు విరాళాన్ని విడిగా తీసేసుకోనిస్తున్నారు. రసీదులు దాచుకోండి.

నిజంగా ట్యాక్స్ తగ్గించుకునే దారి ఒకటుంది, దాని గురించి మనవాళ్లలో చాలామందికి తెలియదు. 2025కి 401కెలో వేసే గడువు డిసెంబరుతో అయిపోయింది. కానీ ఉద్యోగం లేని భార్య పేరున, భర్త సంపాదన ఆధారంగా, ట్రెడిషనల్ ఐఆర్‌ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో 7,000 డాలర్ల దాకా వేయొచ్చు. 2025కి దీని గడువు 2026 ఏప్రిల్ 15. దీన్ని స్పౌజల్ ఐఆర్‌ఏ అంటారు. మీ రాష్ట్రం నుంచి సెనేటర్‌గా పనిచేసిన కే బెయిలీ హచిసన్ పేరునే దీనికి 2013లో పెట్టారు. మీకు ఆఫీసులో 401కె ఉన్నా, మీ ఆదాయస్థాయిలో ఆవిడ పేరున వేసినది పూర్తిగా డిడక్షన్ అవుతుంది. 6,550 వేస్తే 22 శాతం మడిలోకి దిగిన డాలర్లన్నీ వెనక్కి వెళ్లిపోతాయి. 1,441 డాలర్లు మిగులుతాయి. 7,000 నిండుగా వేస్తే 1,495. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటూనే ఇదీ తీసుకోవచ్చు. ఐటిన్‌తో ఖాతా తెరిచే బ్రోకరేజీ ఏదో ముందే కనుక్కోండి, అన్నీ ఒప్పుకోవు. ఇంకో మాట. 59న్నర ఏళ్ల లోపు తీస్తే మామూలుగా ట్యాక్స్‌తో పాటు 10 శాతం జరిమానా పడుతుంది. నాలుగైదేళ్లలో ఇండియా వెళ్లిపోయి ఆ డబ్బుతో ఇల్లు కట్టుకోవాలన్న ఆలోచన ఉంటే ఇందులో వేయకండి.

ఇక ఎఫ్‌డీ. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది ప్రమోషన్ కాదు, ఈ చివరి వాక్యం. ఎన్‌ఆర్‌ఈ వడ్డీ మీద ట్యాక్స్ లేనిది ఇండియాలో. అమెరికాలో రెసిడెంట్‌గా ఫైల్ చేసేవాళ్లు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాలి. 20 లక్షల మీద 7 శాతం వడ్డీ అంటే ఏడాదికి 1,40,000 రూపాయలు. డాలరుకి 85 లెక్కన సుమారు 1,650 డాలర్లు. 22 శాతం చొప్పున ట్యాక్స్ దాదాపు 363. అసలు ట్యాక్స్ ఇంతే. ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునేది) అయితే ఇండియాలో కోసిన టీడీఎస్‌ని ఇక్కడ ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్‌గా చూపించుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఈలో అక్కడ ఏమీ కట్టలేదు కాబట్టి ఇక్కడ క్రెడిట్ కూడా లేదు.

1040తో పాటు వేసే షెడ్యూల్ బి అడుగున, మూడో భాగంలో, విదేశాల్లో ఖాతా ఉందా అని సూటిగా అడుగుతారు. అక్కడ అవునని టిక్కు పెట్టాలి. ఇండియాలో ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే రిపోర్టు విడిగా ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. మీ 20 లక్షలంటే 23,500 డాలర్ల పైనే. ఎఫ్‌బార్‌కి ట్యాక్స్ కట్టనక్కర్లేదు, ఖాతా ఉందని చెప్పడమే. కానీ చెప్పకపోతే, తెలియక చేసిన తప్పుకైనా జరిమానా 10,000 డాలర్లు దాటొచ్చు. 363 డాలర్ల దగ్గర తేలిపోయే దాన్ని అంత దూరం రానివ్వకండి. గడువు ఏప్రిల్ 15. దాటితే అక్టోబరు 15 దాకా అడగకుండానే పొడిగింపు ఉంటుంది. 1040కి కూడా ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది, కానీ అందుకు ఫారమ్ 4868 వేయాలి, కట్టాల్సిన ట్యాక్స్ మాత్రం ఏప్రిల్ 15కే కట్టాలి.

పాత సంవత్సరాల వడ్డీ కూడా వదిలేశారు కాబట్టి, ఈ ఏడాది రిటర్న్ వేయకముందే ఇండియా ఖాతాల పని తెలిసిన సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్‌ని) కలవండి. సవరణ రిటర్న్‌లు, పాత ఎఫ్‌బార్‌లు ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి ఉత్తరం రాకముందే మీరే వేయడం వేరు, వచ్చాక వేయడం వేరు. బ్యాంకు నుంచి ఒక్కో క్యాలెండర్ ఏడాదికి వడ్డీ సర్టిఫికెట్ అడగండి. వాళ్లు అలవాటుగా ఏప్రిల్ నుంచి మార్చి లెక్క ఇస్తారు, మీకు కావాల్సింది జనవరి నుంచి డిసెంబరు. అదే ఏడాదిలో ఆ ఖాతాలో ఎక్కువలో ఎక్కువ ఎంత ఉందో కూడా రాయించుకోండి, ఎఫ్‌బార్‌లో అడిగేది ఆ అంకెనే.

2026కి ఈ గీతలు కొంచెం పైకి జరిగాయి. స్టాండర్డ్ డిడక్షన్ 32,200, 22 శాతం మొదలయ్యేది 1,00,800 దగ్గర. ప్రమోషన్ లెటర్ వచ్చాక కొత్త జీతంతో ఒకసారి లెక్క వేసుకుని, డబ్ల్యూ-4 (జీతంలో ఎంత ట్యాక్స్ పట్టుకోవాలో కంపెనీకి చెప్పే ఫారమ్) మార్చాలేమో చూడండి. 401కెలో జీతం శాతం పెంచాలనుకుంటే, పెరిగిన మొదటి చెక్కు రాకముందే హెచ్‌ఆర్‌కి చెప్పండి. మేనేజర్‌కి మాత్రం ఇవాళే సరేనని రాసేయండి.