సంస్థ పెడుతున్న మా మేనకోడలికి

బిడ్డా,

మొన్న రాత్రి పదకొండింటికి మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ టైమ్‌లో ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిందనే అనుకుంటాం కదా, ఉలిక్కిపడి లేచాను. "అక్కా, అది ఉద్యోగం మానేస్తుందట. నీలాగే ఎన్జీవో పెడుతుందట. చిన్నప్పుడు సెలవులకి నీ దగ్గరికి పంపడమే నేను చేసిన తప్పు" అన్నాడు. అరగంట వాడి చేత తిట్లు తిని, నచ్చజెప్పి పెట్టేశాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం, మీ నాన్నకి చెప్పకు, సంతోషమే. పొద్దున ముగ్గు వేస్తూ పక్కింటామెకి కూడా చెప్పేశాను.

నువ్వు పంపిన పీపీటీ మొత్తం చూశాను. 32 స్లైడ్లు. 12 ప్రభుత్వ బడుల్లో ప్యాడ్లు ఇచ్చే మెషీన్లు, వాడినవి కాల్చే మెషీన్లు. మంచి పని, కాదనను. కానీ "ఇంపాక్ట్" అన్న మాట పదకొండు సార్లు లెక్కపెట్టాను, "రిపేరు" అన్న మాట ఒక్కసారి కూడా కనపడలేదు. నేను రాయాల్సింది దాని గురించే. ముందు కాగితాల పని చెప్పేస్తాను.

ట్రస్టా, సొసైటీనా, లాభం పంచుకోని సెక్షన్ 8 కంపెనీయా అని నెల రోజులు తల పట్టుకోకు. సొసైటీ చాలు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. అందులో మన ఇంటివాళ్లు నీతో కలిపి ఇద్దరికి మించొద్దు, ఇది నా మాట. (మా సర్టిఫికెట్ పాత హైదరాబాదు కాలం నాటి 1350 ఫసలీ చట్టం కిందిది, ఫసలీ అంటే నిజాం కాలపు సంవత్సరాల లెక్క. బ్యాంకులో కొత్త మేనేజరు వచ్చినప్పుడల్లా ఆ సంవత్సరం తప్పు పడిందేమోనని నన్ను పిలిపించేవాడు.) అకౌంటుకి రెండు సంతకాలు పెట్టించు. పాన్, సంస్థ ఆదాయానికి పన్ను పడకుండా 12ఏ, విరాళం ఇచ్చినవాళ్లకి పన్ను తగ్గేలా 80జీ, ఎన్జీవోలు పేరు నమోదు చేసుకునే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు కోసం సీఎస్ఆర్-1 ఫారం. 12ఏ, 80జీ మా రోజుల్లోలా ఒకసారి వస్తే ఉండిపోయేవి కావు ఇప్పుడు, గడువు ఉంటుంది, క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసిపెట్టుకో. 2,000 దాటి నగదుగా ఇస్తే ఇచ్చినవాళ్లకి 80జీ మినహాయింపు రాదు, అది ముందే చెప్పు. విదేశీ డబ్బు జోలికి ఇప్పుడే పోకు. ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్‌కి మామూలుగా మూడేళ్ల పని, పదిహేను లక్షల ఖర్చు చూపించాలి. మీ అమెరికా బాబాయి అక్కడి సిటిజన్ అయ్యాడు కదా, ఆయన ఇచ్చేది కూడా విదేశీ డబ్బే, ఎంత ప్రేమతో పంపినా సరే. ఆడిటర్‌ని ఫీజు చూసి పెట్టుకోకు, నిన్ను తిట్టగలిగేవాడిని పెట్టుకో.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు.

రిపేరు గురించి ఎందుకంటున్నానో చెప్పాలంటే మా నీళ్ల ఫిల్టర్ల సంగతి చెప్పాలి. అది నీకు సగమే తెలుసు. మేం 240 ఇళ్లకి ఫిల్టర్లు ఇచ్చామనీ, మా హాల్లో ఉన్న ఆ షీల్డు దానికే వచ్చిందనీ తెలుసు. మిగతా సగం ఇది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో మన నల్గొండ నుంచి 480 మంది పోటీ చేశారు. చాలామంది నిలబడింది గెలవడానికి కాదు, ఎముకలు వంచేసే, పళ్లు పాడుచేసే ఫ్లోరైడ్ నీళ్లు తాగుతున్నాం అని దేశానికి చెప్పడానికి. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. దాంతో మన జిల్లాని చూడ్డానికి జీపులు రావడం మొదలైంది. 1998లో అలాంటి జీపు ఒకటి మా ఆఫీసు ముందు ఆగింది. పెద్ద సంస్థ. మర్రిగూడ వైపు మూడు ఊళ్లు, ఇంటికో ఫిల్టరు, రెండేళ్ల ప్రాజెక్టు అన్నారు. అప్పటిదాకా మాకు వచ్చిన పెద్ద గ్రాంటు కుట్టు మిషన్లది. నేను వెంటనే ఊ అన్నాను.

అంతకుముందు ఫ్లోరైడ్ తీయడానికి నల్గొండ పద్ధతి ఉండేది. నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసింది, మన జిల్లా పేరే పెట్టారు. బకెట్ నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు కలిపి తేరనివ్వాలి. పొద్దున్నే కూలికి పోయే ఆడమనిషికి కొలత చూసి కలిపి, తేరేదాకా కూర్చునే తీరిక ఎక్కడిది? ఫిల్టరైతే పైన పోస్తే కింద వస్తుంది. ఒకదాని మీద ఒకటి రెండు స్టీలు డబ్బాలు. పైదాంట్లో సగ్గుబియ్యం లాంటి తెల్లటి గుళికలు, యాక్టివేటెడ్ అల్యూమినా అంటారు. నీళ్లలో ఫ్లోరైడ్‌ని అవి పట్టుకుంటాయి. ఎంత పట్టగలవో అంతే పట్టుకుంటాయి, ఆ తర్వాత వాటిని తీసి కాస్టిక్ సోడాతో ఒకసారి, యాసిడ్‌తో ఒకసారి కడిగి మళ్లీ నింపాలి. మా ఊళ్లలో రెండు మూడు నెలలకోసారి చేయాల్సి వచ్చేది. మా కుర్రాడు ఒకడు సైకిల్‌కి డబ్బాలు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చేసేవాడు. ప్రతి ఇంటి గోడకీ ఒక కార్డు, దాని మీద తేదీ, సంతకం.

రెండేళ్లయింది. ఊరికో కమిటీ వేసి అప్పజెప్పాం. ఒక పూట ట్రైనింగ్, ఉప్మా, టీ, శాలువాలు. కాస్టిక్ సోడా ఏ షాపులో దొరుకుతుంది, ఇంటికి ఎంత వసూలు చేయాలి, ఇవ్వనివాళ్లని ఏం చేయాలి, ఆ కుర్రాడి జీతం ఇకనుంచి ఎవరిస్తారు అని ఒక్కరూ అడగలేదు. నేనూ ఎత్తలేదు. "240 కుటుంబాలకు శాశ్వతంగా సురక్షిత నీరు" అని చివరి రిపోర్టులో రాశాను. శాశ్వతంగా అన్న మాట నాదే, ఎవరూ రాయమనలేదు.

ఏడాది దాటాక ఆ మూడింట్లో ఒక ఊరికి పెళ్లికి వెళ్లాను. పెళ్లివారింటి పక్కన ఒక పెద్దావిడ ఉండేది. నడుము వంగిపోయి, మెడ బిగుసుకుపోయి, పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. నన్ను చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఫిల్టరు దేవుడి గూటి పక్కన ఉంది. చింతపండుతో తోమినట్టుంది, తళతళలాడుతోంది. పసుపు రాసి బొట్లు పెట్టింది. ఆరేళ్ల మనవరాలు గ్లాసుతో నీళ్లు పట్టి నాకిచ్చింది. "మీరిచ్చిన నీళ్లే తాగుతున్నం మేడమ్. ఆ దూరం బాయికి పోవుడు బందు పెట్టినం" అంది పెద్దావిడ.

గోడకున్న కార్డు చూశాను. చివరి తేదీ మా కుర్రాడిదే.

నా సంచిలో పరీక్ష చేసే కిట్ ఎప్పుడూ ఉండేది. ట్యూబులో ఆ నీళ్లు పోసి చుక్కలు వేశాను. గులాబీ రంగు నిలవాల్సింది పసుపుకి తిరిగిపోయింది. వాకిట్లో బోరింగు కొట్టి ఆ నీళ్లూ చూశాను. రెండు ట్యూబులూ పక్కపక్కన పట్టుకుంటే ఏది ఫిల్టరుదో, ఏది బోరింగుదో చెప్పలేకపోయాను.

ఫ్లోరైడ్‌కి రంగూ వాసనా ఉండవు బిడ్డా, రుచి చూసి ఎవరూ చెప్పలేరు. ఆ ఫిల్టరు పగిలిపోయి ఉంటే మూల పడేసి మళ్లీ బాయికి పోయేవాళ్లు. ఆ బాయి నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువని మేమే పరీక్ష చేసి చెప్పాం. అది పగల్లేదు. పైకి అలాగే మెరుస్తూ లోపల పని మానేసింది. మేం అసలా ఊరికి వెళ్లకపోయి ఉంటే ఆ పిల్ల ఆ ఏడాదంతా బాయి నీళ్లు తాగేది.

"ఏందమ్మా అట్ల చూస్తున్నవ్?" అంది ఆవిడ. "ఏం లేదమ్మా, కడిగే టైమ్ అయింది" అన్నాను. చూశావా, అప్పుడు కూడా నిజం చెప్పలేదు.

మర్నాటి నుంచి మూడు ఊళ్లూ తిరిగాను. కొన్ని ఇళ్లలో గుళికలు పారబోసి ఆ డబ్బాల్లో కందిపప్పు పోసుకున్నారు. ఆ ఇళ్లు చూసినప్పుడే నాకు ఊపిరాడింది. డబ్బిచ్చినవాళ్లకి రాస్తే, ప్రాజెక్టు మూసేశాం, చివరి రిపోర్టు తృప్తికరంగా ఉంది అని జవాబొచ్చింది. తృప్తికరమైన ఆ రిపోర్టు నేను రాసిందే కదా, ఏమని గొడవ పడను? నాలుగు గాజులు కుదువపెట్టి ఆ కుర్రాడిని మళ్లీ పెట్టాను. మీ మామయ్య ఒక్క మాట అనలేదు. మూడేళ్ల తర్వాత మాత్రం అన్నం తింటూ, "గాజులెప్పుడు విడిపిస్తావ్?" అన్నాడు. అప్పటికే వేలం అయిపోయాయి. ఆ ఊళ్లకి చివరికి మేలు చేసింది మేమూ కాదు, మా ఫిల్టర్లూ కాదు. పైపుల్లో కృష్ణా నీళ్లొచ్చాయి, తర్వాత మిషన్ భగీరథ వచ్చింది.

ఆ పిల్లకి ఇప్పుడు పెళ్లయింది. హైదరాబాదులో ఉంటుంది. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుందని వాళ్లమ్మ చెప్పింది. అంతకుముందు తాగిన నీళ్లదో, మా ఫిల్టరు నీళ్లదో ఏ డాక్టరూ తేల్చలేడు. నేను అడగనూ లేదు.

ఇక నీ మెషీన్లు. వాటిలో ప్యాడ్లు అయిపోతే ఎవరు నింపుతారు? హెడ్‌మాస్టరు అంటావు. ఆయనకి జూన్‌లో ట్రాన్స్‌ఫర్ అయితే? కొత్తగా వచ్చినాయనకి ఆ తాళం ఏ బీరువాలో ఉందో కూడా తెలియదు. నాణెం ఇరుక్కుంటే ఏ పిల్ల వెళ్లి సార్‌కి చెబుతుంది? పైగా నీ ఫొటోలో మెషీన్ స్టాఫ్ రూమ్ ఎదురుగా గోడకి ఉంది. తొమ్మిదో తరగతి పిల్ల అక్కడ నిలబడి మీట నొక్కుతుందనుకుంటున్నావా? నువ్వు ఆ వయసులో మెడికల్ షాపుకి నన్ను పంపేదానివి, గుర్తుందా? కాల్చే మెషీన్‌లో బూడిద తీసేది బడి ఊడ్చే ఆమె. ఆమెకి నెలకి ఎంతిస్తారో, అది ఎన్ని నెలలకోసారి వస్తుందో కనుక్కున్నావా? వెళ్లి ఆమె పక్కన ఒక పూట కూర్చో. హెడ్‌మాస్టర్ల మీటింగు తర్వాత పెట్టుకోవచ్చు. మెషీన్ కన్నా ముందు ఆ బాత్రూమ్‌లో గడియ ఉందా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా చూడు. గడియ ముప్పై రూపాయలు. దానికి పీపీటీ అక్కర్లేదు.

12 బడులు వద్దు. రెండు చాలు. నాలుగో ఏడు ఎవరు నడుపుతారో ముందు రాసి, తర్వాత మొదటి ఏడు రాయి. బడ్జెట్‌లో రిపేరుకీ మనిషి జీతానికీ డబ్బు పెట్టు. ఇచ్చేవాళ్లు ముందు కొట్టేసేది ఆ లైనే. కొట్టేస్తే వాదించు. అయినా ఒప్పుకోకపోతే ఆ డబ్బు వద్దని లేచి వచ్చెయ్. నాకు 1998లో ఆ ధైర్యం లేకపోయింది. జీపు చూసి మురిసిపోయాను.

ఇంకోటి. ఇన్‌స్టాలో పెట్టావే, ప్యాడ్ల ప్యాకెట్లు పట్టుకుని వరసగా నిలబడ్డ ఆడపిల్లలు, ముఖాలన్నీ కనపడేలా. ఇవాళే తీసెయ్. నాకు ఆ ఫొటో చూస్తే ఒళ్లు మండింది. వాళ్ల ఊళ్లో కుర్రాళ్లకి ఫోన్లు లేవనుకున్నావా? నిన్ను పెంచిన తీరు ఇదేనా అనుకున్నాను. తర్వాత మూలన నిన్ను చూశాను, జుట్టంతా రేగిపోయి, కళ్ల కింద నల్లగా. వేళకి తింటున్నావా? మీ అమ్మకి చెబితే కంగారు పడుతుంది, నాతో అయినా చెప్పు.

ఫీల్డులో తిరిగే అమ్మాయిలకి ఒకటో తారీఖున జీతం పడాలి, నీకు పడకపోయినా సరే. కానీ అందుకోసం బంగారం కుదువ పెట్టకు, నీ పేరు మీదున్న ఫ్లాటు జోలికి అసలే పోకు. జీతాలివ్వలేని రోజు వస్తే అందరినీ కూర్చోబెట్టి చెప్పు. మూసేయాల్సి వస్తే మూసెయ్, ఊళ్లోవాళ్లకి చెప్పి మూసెయ్.

సాగర్ రోడ్డు మీద చీకటి పడ్డాక బండి మీద తిరగడం మాత్రం వద్దు. నవ్వకు. ఫిల్టర్లు కడిగిన ఆ కుర్రాడు ఒక సాయంత్రం మాల్ ఊరు దాటాక లారీ కింద పడబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పటికీ చలికాలం వస్తే ఆ కాలు లాగుతుందని ఫోన్ చేస్తాడు. మీటింగు సగంలో ఉన్నా ఐదింటికి లేచి వచ్చెయ్, ఏమైనా అనుకోనీ.

ఈ ఆదివారం రా. గోంగూర పచ్చడి పెట్టాను, పట్టుకెళ్దువు గాని. పాత రిజిస్టర్లు, ఆ 240 కార్డులు అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్నాయి, దించి పెడతాను. తర్వాత ఇద్దరం ఆ ఊరు వెళ్దాం. పెద్దావిడ పోయింది, కోడలు ఉంది. ఫిల్టరు కూడా ఇంకా ఉందట, పైడబ్బాలో తులసి పెట్టారట. ఆ రోజు చెప్పని మాట ఆమెకి చెప్పాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను, ఒక్కదాన్నే వెళ్లలేకపోతున్నాను.

బస్సుకి రా. బండి మీద వచ్చావో, తలుపు తియ్యను.

మీ అత్తమ్మ