నాటోకైనేజ్ మొదలుపెట్టే ముందు ఇవి చూడండి

అమ్మగారి మతిమరుపుకీ, కాళ్లలో రక్తప్రసరణకీ నాటోకైనేజ్ (పులియబెట్టిన సోయా నుంచి తీసే ఎంజైమ్ మాత్ర) వాడొచ్చా అని అడిగారు. ఆవిడ క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వేసుకుంటున్నారన్నారు కదా, దయచేసి ఆగండి. ఈ ఎంజైమ్ రక్తపు గడ్డల్ని పట్టి ఉంచే ప్రోటీన్ ఫైబ్రిన్‌ని కరిగిస్తుంది. రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే చిగుళ్లు, ఒంటిమీద కమిలిన మచ్చలు గమనించండి. విరేచనం నల్లగా అయితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పోనీ ఫలితమైనా ఉందా? అమెరికాలో గుండెజబ్బు లేని 265 మందిలో కొందరికి రోజుకి 2,000 యూనిట్ల నాటోకైనేజ్, మిగతావాళ్లకి ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) ఇచ్చి సుమారు 3 ఏళ్లు చూశారు. 2021లో వచ్చిన ఫలితం: మెడ రక్తనాళాల గోడ మందంలో (నాళాల్లో కొవ్వు పేరుకోవడానికి ఇదొక గుర్తు) రెండు గుంపుల మధ్య తేడా లేదు.

ముందు బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. వాటి లోపంతో వచ్చే మతిమరుపు చికిత్సతో తగ్గే అవకాశం ఉంది. న్యూరాలజిస్ట్ దగ్గరికి మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్లండి, ఆయుర్వేదం మందులతో సహా.