రాగి గురించి రాస్తున్న అమ్మణ్ణికి

తిరుపతి

అమ్మణ్ణీ,

రాగిని ఉత్ప్రేరకంగా, అంటే రసాయన చర్యను త్వరపరిచే పదార్థంగా, వాడడం గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. రాత్రి ఒకసారి, పొద్దున కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. సైన్సును తెలుగులోనే రాయాలన్న నీ పట్టుదల నాకు ఎంతో నచ్చింది. అందుకే ఎర్ర పెన్ను గట్టిగానే పెట్టాను. కోపం తెచ్చుకోవద్దు.

మొదట ఆ పెళ్ళిళ్ళ పేరయ్యను తీసెయ్. ఉత్ప్రేరకం అనగానే మనవాళ్ళంతా ఆయన్నే పిలుస్తారు. సంబంధం కుదిర్చినాయన పక్కకు తప్పుకుంటాడు, రాగి తప్పుకోదు. సైక్లోహెక్సనాల్ అనే ఆల్కహాల్ ఆవిరి వచ్చి రాగి మీద వాలుతుంది. రెండు హైడ్రోజన్ పరమాణువులను అక్కడే వదిలి సైక్లోహెక్సనోన్‌గా వెళ్ళిపోతుంది. పక్కనే వాలిన ఫర్ఫ్యురాల్ అనే ఇంకో పదార్థం ఆ రెండు హైడ్రోజన్లనూ అందుకుని ఫర్ఫ్యురైల్ ఆల్కహాల్ అవుతుంది. జరిగేదంతా రాగి ఒంటి మీదే. రాగిని సిద్ధం చేసేటప్పుడు తప్ప, హైడ్రోజన్ సిలిండర్‌తో పనే లేదు. ఇంత మంచి సంగతి నీ మూడో పేజీలో ఎక్కడో దాక్కుంది. ముందుకు తీసుకురా.

తర్వాత వేడి. వేడి పుచ్చుకునే చర్యనూ వేడి ఇచ్చే చర్యనూ జతకలపడాన్ని 'ఉష్ణగ్రాహక, ఉష్ణమోచక చర్యల సమన్వయం' అని ఒక్క ముక్కలో దాటేశావు. పరీక్ష పేపర్లో అది చాలు, ఇంట్లో మీ నాన్నకు చాలదు. మీది చిత్తూరు పక్క చెరకు పండే ఊరు కదా. బెల్లం వండే చోట పొయ్యిలో ఏం ఎగదోస్తారు? రసం పిండగా మిగిలిన పిప్పినే ఎండబెట్టి ఎగదోస్తారు. చెరకు రసాన్ని కాచే మంట చెరకులోంచే వస్తుంది. నీ రియాక్టర్‌లో జరిగేదీ అదే. హైడ్రోజన్ వదలడానికి సైక్లోహెక్సనాల్ ఒక్కో మోల్‌కు (అణువులను లెక్కపెట్టే కొలత అది) సుమారు 65 కిలోజౌళ్ళ వేడి అడుగుతుంది, హైడ్రోజన్ అందుకుంటూ ఫర్ఫ్యురాల్ దాదాపు 60 ఇస్తుంది. రెండూ ఒకే బెడ్‌లో, అంటే రియాక్టర్‌లో పోసిన ఉత్ప్రేరకపు పొరలో, జరిగితే ఒకదాని వేడి ఇంకోదానికి సరిపోతుంది, పైనుంచి పెట్టాల్సింది కొంచెమే. పైగా ఆ ఫర్ఫ్యురాల్‌ను చెరకు పిప్పిలోంచీ మొక్కజొన్న కండెల్లోంచీ తీస్తారు. ఇది నీకు తెలుసు, వ్యాసంలో మాత్రం లేదు! అయితే పోలిక ఎక్కడ తెగుతుందో కూడా నువ్వే చెప్పెయ్యాలి. పిప్పి కాలి బూడిదైపోతుంది. ఫర్ఫ్యురాల్ అలా పోదు, పోత పోసే ఇసుక అచ్చులను గట్టిపరిచే రెసిన్‌కు ముడిసరుకవుతుంది.

నీ రెండో జంట, అంటే బ్యూటేన్‌డయాల్ హైడ్రోజన్ ఇస్తే నైట్రోబెంజీన్ పుచ్చుకునే చోట, లెక్క తప్పావు. అది అనిలిన్ కావాలంటే మూడు హైడ్రోజన్ అణువులు కావాలి. 1,4-బ్యూటేన్‌డయాల్ గామా బ్యూటిరోలాక్టోన్‌గా మారుతూ ఇచ్చేది రెండే. అంటే మూడు డయాల్‌లకు రెండు నైట్రోబెంజీన్‌లు. నువ్వు ఒకటికి ఒకటి అని రాశావు. వాక్యం ఎంత అందంగా వచ్చినా హైడ్రోజన్ లెక్క తేలకపోతే కొట్టెయ్యాల్సిందే. కాగితం మీద ఇచ్చింది ఒక పక్క, పుచ్చుకున్నది ఒక పక్క వేసి చూసుకున్నాకే రాయి.

ఈ మాట ఊరికే అనడం లేదు. చాలా ఏళ్ళ కిందట నేను ఒక వ్యాసంలో 'ఉత్ప్రేరకం మారదు, అరగదు' అని రాశాను. ఒక ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన కార్డు రాశాడు: "అయ్యా, మరి మేం పాతది తీసి కొత్తది ఎందుకు పోస్తున్నాం?" ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. కానీ నలుసుల్లో ఉన్న రాగి 300 డిగ్రీలు దాటితే చాలు, కదలడం, పక్క నలుసుతో అంటుకుని ముద్దకట్టడం మొదలుపెడుతుంది. ముద్దకడితే పనిచేసే ఒళ్ళు తగ్గిపోతుంది. నలుసులను దూరదూరంగా పట్టి ఉంచడానికే సపోర్ట్, అంటే రాగిని మోసే ఆధార పదార్థం. మెగ్నీషియం ఆక్సైడే ఎందుకు వాడారో కూడా ఒక్క వాక్యంలో చెప్పు: దానికి ఆమ్లగుణం లేదు. ఆమ్లగుణం ఉన్న అల్యూమినా అయితే సైక్లోహెక్సనాల్‌లోంచి నీటిని లాగేసి సైక్లోహెక్సీన్ చేసి కూర్చుంటుంది.

చరిత్ర పేరా బాగుంది, తగ్గించు. లోహ ఉత్ప్రేరకాల మీద హైడ్రోజన్ చేర్చడం చూపిన ఫ్రెంచ్ రసాయనవేత్త సబాటియేకు 1912లో నోబెల్ వచ్చిందన్నదీ, ఈ పనికి వాడే పాత రాగి ఉత్ప్రేరకం కాపర్ క్రోమైట్‌లోని క్రోమియం విషమని జనం వేరే దారి వెతుకుతున్నారన్నదీ చాలు.

నాలుగో పేజీలో నువ్వు ల్యాబ్‌లో కళ్ళారా చూసింది రాశావు చూడు, అక్కడ నా పెన్ను ఆగిపోయింది. నీలం ద్రావణంలో కార్బొనేట్ చుక్కచుక్కగా వేస్తుంటే లేతనీలం ముద్ద దిగడం, కాల్చాక అది నల్లబడడం, హైడ్రోజన్ పంపాక గాజు గొట్టంలో నలుపు పై చివరి నుంచి మెల్లగా ఎర్రబారుతూ రావడం. ఒక్క అక్షరం మార్చకు. వ్యాసం అక్కడే మొదలుపెట్టు. 'రాగి మహిమ' అన్న పేరు తీసెయ్, ఆ ఎరుపే పేరు చెబుతుంది.

ఇంకొకటి. ప్రయోగం ఎన్ని గంటలు నడిచిందో, ఎన్నో గంటకు పని తగ్గడం మొదలైందో ఎక్కడా రాయలేదు. మీ ల్యాబ్‌లో సీనియర్‌ను అడిగి నోట్‌బుక్ చూసి రాసుకో. ఆ కార్డు రాసినాయనలాంటి వాళ్ళు మొదట వెతికేది ఆ అంకె కోసమే. రెండో ప్రతి పూర్తవగానే పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ అయ్యవారు