పోర్ట్‌ఫోలియో సిద్ధం చేసుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పోర్ట్‌ఫోలియో కోసం, అంటే కాలేజీ ప్రవేశానికి ఎంచి చూపించే బొమ్మల కట్ట కోసం, నీవు పంపిన బొమ్మల ఫోటోలు ముప్ఫై రెండూ ఒకటికి రెండుసార్లు చూశాను. ఇంటర్ పూర్తికాగానే హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయానికీ, బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీకీ, శాంతినికేతన్ కళాభవనానికీ దరఖాస్తు చేస్తానని రాశావు. చాలా సంతోషం. ప్రవేశ పద్ధతి అన్నిచోట్లా ఒకేలా ఉండదు కనుక, ఎన్ని బొమ్మలు, ఏ కొలతలో, ఏ రూపంలో అడుగుతున్నారో ఈ ఏటి నోటిఫికేషన్లలో చదివి, ఆ వివరాలను నీ బల్ల ఎదుట గోడకు అంటించుకో.

ఇక నీ బొమ్మల సంగతి. వాటిలో పద్నాలుగు సినిమా నటుల ముఖాలు, దేవుళ్ల పటాలు. అన్నీ ఫోటోలను చూసి పెన్సిల్‌తో ఎంతో ఓపికగా నునుపు చేసినవి. చుట్టాలందరూ మెచ్చుకునేవి అవేనని తెలుసు, అయినా వాటిని పక్కన పెట్టమనే చెబుతాను. ముఖం ఎటు తిరగాలో, వెలుగు ఎక్కడ పడాలో, చట్రంలో ఎంత భాగం ఉండాలో కెమెరా ముందే నిర్ణయించేసింది. నీకు మిగిలింది నకలు దించడమే. చూసే అధ్యాపకులకు కావలసింది ఆ నిర్ణయాలు నీవు ఎలా చేస్తావన్నది.

అందుచేత ఈ మూడు నెలలూ ఎదురుగా ఉన్న వస్తువును చూసి గీయి. వంటింట్లోని ఇత్తడి చెంబును ఉదయం కిటికీ వెలుగులో ఒకసారి, రాత్రి బల్బు కింద మరొకసారి వేసి చూడు, నీడ అంచు ఎంత మారుతుందో చెయ్యికే తెలుస్తుంది. కుర్చీ మీద వేసిన తువ్వాలు మడతలు, కూరగాయలు తరిగే అమ్మ చేతులు, మేడమెట్లు కింది నుంచి కనిపించే తీరు, ఇవన్నీ పనికొచ్చేవే. సాయంత్రం బస్టాండులో కూర్చుని, మనిషికి రెండు నిమిషాలకు మించకుండా, రబ్బరు వాడకుండా గీయడం అలవాటు చేసుకో. ఆ స్కెచ్‌బుక్‌లో తప్పిన గీతలున్న పేజీలను చింపకు. నీ చూపు నెలనెలా ఎలా పదునెక్కిందో అది చెప్పినంత స్పష్టంగా పూర్తయిన బొమ్మ చెప్పలేదని నా నమ్మకం.

రాజమండ్రిలోనే ఉన్నావు కదా, దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి మళ్లీ వెళ్లు. ఇక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. చిత్రకళా పాఠశాలలో చదివి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూసిన ఆ చిత్రకారుడి పెన్సిల్ గీతల ముందు కాసేపు నిలబడు. అలాగే మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్, హైదరాబాదులోనూ తర్వాత బరోడాలోనూ చదివినా, తన ఊరి మేకలనూ మనుషులనూ గీతల్లోంచి వదులుకోలేదు. కనుక మన గోదావరి గట్టును గీయడం పాతబడిన విషయమని నీవు సంకోచించనక్కరలేదు.

కాలేజీవాళ్లు సంఖ్య నిర్దేశించకపోతే పన్నెండు, పదిహేను బొమ్మలు చాలు. బలహీనమైన ఒక్క బొమ్మ పక్కనున్న మంచివాటిని కూడా కిందికి లాగుతుంది. అన్నిటికన్నా గట్టిదాన్ని మొదట, దానికి దీటైనదాన్ని చివర పెట్టు. బొగ్గు, నీటిరంగులు, ఇంకు, వీలైతే ఒక చిన్న మట్టిబొమ్మ ఫోటో కూడా ఉంటే నీవు ఒకే సాధనానికి కట్టుబడలేదని తెలుస్తుంది. ప్రతిదాని వెనుకా పేరు, మాధ్యమం, కొలత, సంవత్సరం రాయి. ఏ బొమ్మ ఎందుకు వేశావని అడిగినా, నీ మాటల్లో రెండు వాక్యాలు చెప్పగలగాలి.

ఫోటోలు ఎండ నేరుగా పడని వరండాలో, ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టి తీయి. రంగు పెంచే ఫిల్టర్లు వద్దు.

నా చిన్నతనంలో నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను. బొగ్గుతో వేసిన తొమ్మిది షీట్లకు ఫిక్సేటివ్ (బొగ్గుపొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టకుండా చుట్టగా చుట్టి, రాత్రంతా బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లాను. విప్పేసరికి ముఖాలన్నీ బూడిదరంగు మరకలయ్యాయి, ఆ ఏడు నాకు సీటు రాలేదు. ఆ దిగులు నీకు రాకూడదు. ఫిక్సేటివ్ పలుచగా రెండుసార్లు కొట్టి, షీటుకీ షీటుకీ మధ్య బటర్ పేపరు వేసి, గట్టి అట్టల మధ్య చదునుగా పెట్టి తీసుకెళ్లు.

వచ్చే నెల మొదటి ఆదివారం నేను అక్కడికి వస్తాను. పక్కన పెట్టమన్నవాటితో సహా అన్నీ హాల్లో నేలమీద పరిచి ఉంచు. ఏవి ఉండాలో ముందు నీవే ఏరు, తర్వాత నేను చూస్తాను.

నీ క్షేమం కోరే
మామయ్య