పెప్టైడ్ ఇంజెక్షన్లతో కండలు పెరుగుతాయా?

ప్రశ్న: నా వయసు 28. రాత్రి పడుకునే ముందు ఇపామోరెలిన్ అనే పెప్టైడ్ ఇంజెక్షన్ వేసుకోమంటున్నాడు మా జిమ్ ట్రైనర్. ‘ఇది గ్రోత్ హార్మోన్ కాదు, మన ఒంట్లో ఉన్నదాన్నే ఊరిస్తుంది, ప్రమాదం లేదు’ అంటాడు. నిజమేనా? నాన్నగారికి షుగర్ ఉంది. – ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: హార్మోన్‌ను ఊరేలా చేస్తుందన్న మాట నిజమే, ప్రమాదం లేదన్నదే అబద్ధం. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి గ్రోత్ హార్మోన్‌ను విడతలవారీగా వదులుతుంది. పెద్ద విడత నిద్ర పట్టిన తొలి గంటల్లో వస్తుంది. ఇపామోరెలిన్, జీహెచ్‌ఆర్‌పీ-6 లాంటి పెప్టైడ్లు (చిన్న ప్రొటీన్ తునకల్లాంటి మందులు) ఆ గ్రంథిలో గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ అతుక్కునే చోటే అతుక్కుని ఆ విడతను పెంచుతాయి. (తమాషా ఏమిటంటే, ఈ మందులు ముందు పుట్టాయి, గ్రెలిన్ 1999లో గానీ బయటపడలేదు.) జీహెచ్‌ఆర్‌పీ-6తో ఆకలి దంచేయడానికి కారణం ఇదే.

హార్మోన్ సొంతదైనా, ఎక్కువైతే ఇన్సులిన్‌ను పని చేయనివ్వదు, షుగర్ పెరుగుతుంది. ఒంటికి నీరు పడుతుంది. మణికట్టులో నరం నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మీ ఇంట్లో షుగర్ ఉంది కాబట్టి మీకు ముప్పు ఇంకాస్త ఎక్కువే.

ఇక లాభం. అదే చోట పనిచేసే ఐబ్యుటామోరెన్ మాత్రను 60 దాటిన ఆరోగ్యవంతులకు రోజూ 25 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చిన అధ్యయనం 2008లో వచ్చింది. ఏడాదిలో కొవ్వు కాని బరువు సుమారు కిలో పెరిగింది, బలం మాత్రం పెరగలేదు. ఆ బరువులో నీరూ ఉంటుంది మరి! ఇపామోరెలిన్‌నైతే ఆపరేషన్ తర్వాత పేగుల కదలికకు పనికొస్తుందేమోనని పరీక్షించారు, చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు.

సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉంటే, లోపలి పొడి శుద్ధమైనదో కాదో ఎవరి పూచీ లేదు. సిరంజితో ఇంకో చిక్కు. 5 మిల్లీగ్రాముల పొడిలో 2 మి.లీ. నీళ్లు కలిపారనుకోండి. మి.లీ.కి 100 యూనిట్లుండే ఇన్సులిన్ సిరంజిలో 10 యూనిట్ల గీత దాకా తీస్తే 250 మైక్రోగ్రాములు. మన షాపుల్లో మి.లీ.కి 40 యూనిట్లదీ దొరుకుతుంది. దాంట్లో అదే గీతకు 625!

ఇప్పటికే వేసుకుంటుంటే ఆపేసి, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ఎంత పనిచేస్తోందో చెప్పేది) పరీక్షలు చేయించుకుని ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చూపించండి. పోటీల్లో పాల్గొనేవారైతే ఇవి డోపింగ్ నిషేధంలో ఉన్నాయి, పోటీ లేని రోజుల్లో కూడా.

ప్రశ్న: మా అబ్బాయికి 16. పొడుగు కోసం ఈ పెప్టైడ్ ఇంజెక్షన్లు ఇప్పించవచ్చా? – ఓ తల్లి, వరంగల్

జవాబు: వద్దమ్మా. ముందు ఎడమ చేతికి ఎక్స్‌రే తీయించి ఎముక వయసు చూపించండి. ఎముకల చివర్లు అతుక్కుపోయి ఉంటే ఏ హార్మోనూ ఎత్తు పెంచదు.