కారు కింద చుక్క లేదు, కూలెంట్ మాత్రం తగ్గుతోంది: ఎక్కడికి పోతోంది?

చాలావరకు, ఇంజిన్‌ను చల్లబరిచే ఈ ద్రవం ఇంజిన్ వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడే కారి, వేడి లోహం మీదే ఆవిరైపోతుంది. చల్లారితే ఒత్తిడి ఉండదు, సన్నని సందులోంచి ఏమీ రాదు. శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కొచ్చిన కారులో మర్నాటికి మట్టం తగ్గిందనుకోండి. పూర్తిగా చల్లారిన ఇంజిన్‌కే (వేడి మీద రేడియేటర్ లేదా కూలెంట్ డబ్బా మూత అస్సలు తీయకండి) ఆ మూత స్థానంలో ప్రెషర్ టెస్టర్ (ఒత్తిడి చూపే ముల్లున్న చేతిపంపు) తగిలించి, మూత మీద రాసినంత, సాధారణంగా 1 బార్ అటూఇటూగా, గాలి కొట్టి 15 నిమిషాలు ఆగండి. ముల్లు దిగితే టార్చితో హోస్ క్లిప్పుల అంచులు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం వెతకండి. అక్కడ ఎండి అట్టకట్టిన పచ్చ, గులాబీ లేదా తెల్లటి చారే కారిన దారి. క్లిప్పు దగ్గరైతే హోస్, క్లిప్పు మార్చితే సరిపోతుంది. పంపు రంధ్రం దగ్గరైతే సీలు అరిగినట్టు, పంపే మార్చాలి. ముల్లు కదలకపోతే మూతనూ పరీక్షించండి, దాని స్ప్రింగు బలహీనపడినా కూలెంట్ పోతుంది. చుక్క పడలేదంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు) పోయినట్టే అనుకోవడం పొరపాటు. దానికి తీపి వాసన తెల్ల పొగ, కూలెంట్ డబ్బాలో ఆగని బుడగల్లాంటి గుర్తులు వేరే ఉంటాయి.